పులిపిరి వైరస్ కథ: వెరోనా నుంచి భద్రాచలం దాకా

"గర్భసంచి తీయించేశారు."

తెలుగు ఇళ్లల్లో పెరిగిన ఎవరికైనా ఈ వాక్యం పరిచయమే. పిన్నికో, పక్కింటావిడకో, పొలం పనులకొచ్చే మనిషికో. వయసు ఏ ముప్ఫై అయిదో, నలభయ్యో ఉంటుంది. ఎందుకట అని అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "తెల్లబట్ట ఎక్కువైందట, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందన్నారట." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. ఈ ఒక్క లెక్కలో దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే.

ఆ జవాబులో నన్ను ఇబ్బంది పెట్టేది చివరి ముక్క. క్యాన్సర్ "అవుతుంది". బుట్టలో వదిలేసిన మామిడిపండు కుళ్లినట్టు, ఆ అవయవం ఊరికే ఉంటే చాలు దానంతటదే క్యాన్సర్ అయిపోతుందన్నమాట. కానీ గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణం ఒక వైరస్. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. అంటుకున్నాక క్యాన్సర్ కావడానికి మామూలుగా పది, ఇరవై ఏళ్లు తీసుకుంటుంది. ఈలోపు ఎక్కడైనా దాన్ని ఆపొచ్చు. ఇదంతా సైన్సుకి నలభై ఏళ్లుగా తెలుసు. ఎలా తెలిసిందో చదువుదామని మొదలుపెట్టి ఇటలీలో బయల్దేరాను, తీరా చూస్తే మన భద్రాచలంలో తేలాను.

1842. ఇటలీలో వెరోనా అనే ఊరు. డొమెనికో రిగోని-స్టెర్న్ అనే డాక్టరు 1760 నుంచి 1839 దాకా ఆ ఊళ్లో నమోదైన మరణాల చిట్టా ముందేసుకుని కూర్చున్నాడు. ఎనభై ఏళ్ల చావులు. క్యాన్సర్‌తో పోయిన ఆడవాళ్లని పెళ్లైనవాళ్లు, వితంతువులు, పెళ్లికానివాళ్లు, నన్‌లు అని విడదీసి లెక్కపెట్టాడు. నన్‌లలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. గర్భాశయ క్యాన్సర్ మాత్రం పెళ్లైనవాళ్లలో, వితంతువుల్లోనే ఎక్కువ, నన్‌లలో చాలా అరుదు. ఆ రోజుల్లో గర్భాశయానికీ దాని ముఖద్వారానికీ తేడా చూపించి రాసేవాళ్లు కాదు కాబట్టి ఆయన లెక్క కాస్త మసకగానే ఉంటుంది. అయినా చూడండి, వైరస్ అన్న మాటకి ఇవాళ్టి అర్థం ఇంకా పుట్టలేదు, సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్న సిద్ధాంతం కూడా ఇంకా నిలబడలేదు. కేవలం ఒక పట్టిక చూసి, ఈ జబ్బుకీ కాపురానికీ ఏదో సంబంధం ఉందని ఒకాయన పసిగట్టాడు. డేటాతో బతికే ఉద్యోగం నాది. ఆ పట్టిక గురించి చదివినప్పుడు కాస్త అసూయ కలిగింది.

ఆ పరిశీలన మరో వందేళ్లకి పైగా ఎటూ పోలేదు. పోయినా తప్పుదారిలో పోయింది. సంసారంతో ముడిపడిన జబ్బు అనేసరికి అది స్త్రీల గుణగణాల మీద తీర్పుగా మారింది. చిన్నప్పుడే పెళ్లి, ఎక్కువ కాన్పులు, శుభ్రం లేకపోవడం, మగవాళ్లకి సున్తీ లేకపోవడం, ఇలా కారణాల జాబితా పెరుగుతూ పోయింది. వీటిలో కొన్నింటికి జబ్బుతో గణాంకాల సంబంధం ఉన్నమాట నిజమే. కానీ గణాంకాల సంబంధం కారణం కాదు. అంటుకునేది ఏదో ఉందంటే, ఆ అంటుకునేది ఏమిటి?

1960లు, 70లలో అందరి అనుమానం ఒక రకం హెర్పిస్ వైరస్ మీద. జబ్బున్న ఆడవాళ్ల రక్తంలో దాని యాంటీబాడీలు ఎక్కువగా కనిపించేవి. హరాల్డ్ జుర్ హౌజెన్ అనే జర్మన్ శాస్త్రవేత్తకి అది నప్పలేదు. అప్పటికే ఆయన బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ డిఎన్ఎని పట్టుకున్నవాడు. అదే పద్ధతిలో ముఖద్వార క్యాన్సర్ ముక్కల్లో హెర్పిస్ డిఎన్ఎ కోసం వెతికితే ఏమీ దొరకలేదు. ఫ్లోరిడాలో జరిగిన ఒక సమావేశంలో ఆ మాటే చెప్తే ఎవరూ పెద్దగా ఖాతరు చేయలేదంటారు.

ఆయన అనుమానం పులిపిర్ల మీద. జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లు అరుదుగా క్యాన్సర్‌గా మారిన ఉదంతాలు పాత వైద్య పత్రికల్లో ఉన్నాయి. 1930లలో అమెరికాలో రిచర్డ్ షోప్ అడవి కుందేళ్ల ఒంటి మీద కొమ్ముల్లా పెరిగే పులిపిర్లకి ఒక వైరస్ కారణమని చూపించాడు. ఆ పులిపిర్లు కొన్నిసార్లు క్యాన్సర్‌గా మారేవి. మరి మనుషుల్లో ఎందుకు కాకూడదు? కాకపోతే పాపిలోమా వైరస్‌తో ఒక చిక్కుంది. దాన్ని ల్యాబ్‌లో మామూలు పద్ధతుల్లో పెంచడం కుదరదు. పైగా అది ఒక్కటి కాదు, పెద్ద కుటుంబం. ఇవాళ లెక్కకి రెండు వందలకి పైగా రకాలున్నాయి. కాలి మీద వచ్చేది వేరు, చేతి మీద వచ్చేది వేరు.

కాబట్టి గాలం వేశారు. తెలిసిన ఒక రకం వైరస్ డిఎన్ఎని ఎరగా పెట్టి, క్యాన్సర్ ముక్కలోని డిఎన్ఎలో దానికి అతుక్కునేది ఏమైనా ఉందా అని చూడటం. జననాంగాల పులిపిర్లలో దొరికిన రకాలకి 6, 11 అని నంబర్లు ఇచ్చారు. వాటితో గాలం వేస్తే క్యాన్సర్లలో గట్టిగా ఏదీ తగల్లేదు. కానీ అతుక్కునే షరతుల్ని కాస్త సడలిస్తే, అచ్చం అదే కాకపోయినా దాని దాయాది అయితే చాలు అన్నట్టుగా పరీక్ష పెడితే, ఫిల్మ్ మీద మసక గీతలు కనిపించాయి. ఆ మసక గీతల వెంట పడి జుర్ హౌజెన్ బృందం 1983లో 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని పట్టుకుంది. ప్రపంచంలోని ముఖద్వార క్యాన్సర్లలో నూటికి డెబ్భైకి కారణం ఈ రెండే. జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది.

18 దొరికాక దాని కోసం ల్యాబుల్లో సీసాల్లో పెరుగుతున్న క్యాన్సర్ కణాల్లో కూడా వెతికారు. హీలా కణాల్లో ఉంది.

హీలా పేరు వెనకున్న హెన్రియెటా లాక్స్ గురించి మీలో చాలామంది చదివే ఉంటారు. 30 ఏళ్ల నల్లజాతి స్త్రీ, ఐదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్లింది. డాక్టర్లు ఆమె ముఖద్వారం నుంచి చిన్న ముక్క తీసుకున్నారు. పరిశోధనకి వాడుకుంటామని ఆమెకి చెప్పలేదు. అదే ఏడాది అక్టోబరులో ఆమె చనిపోయింది. ఆ కణాలు మాత్రం చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షల దగ్గర్నుంచి జన్యుశాస్త్రం దాకా అన్నింటికీ పనికొచ్చాయి. కుటుంబానికి సంగతి తెలియడానికి ఇరవై ఏళ్లకి పైగా పట్టింది. ఆమె కథ చెప్పేవాళ్లు ఆ కణాలు ఎన్నింటికి పనికొచ్చాయో చెప్తారు. నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. ఆమెని చంపిందేమిటన్న ప్రశ్నకి జవాబు ఆమె పోయిన 33 ఏళ్లకి దొరికింది. దొరికింది కూడా ఆమె కణాల్లోనే.

సరే, పులిపిరి లాంటి చిల్లర జబ్బు తెచ్చే వైరస్ మనిషిని చంపేదాకా ఎలా వెళ్తుంది?

చర్మానిదైనా ముఖద్వారానిదైనా పైపొర ఒక అపార్ట్‌మెంట్ లాంటిది. కొత్త కణాలు పుట్టేది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. పుట్టినవి ఒక్కో అంతస్తూ పైకి వెళ్తూ, విభజన ఆపేసి, చదునై, చివరికి పైనుంచి రాలిపోతాయి. వైరస్ కంటికి కనపడని గీతల్లోంచి కిందికి దిగి గ్రౌండ్ ఫ్లోర్ కణాల్లో చేరుతుంది. దాని దగ్గరున్న సామాను చాలా తక్కువ. దాదాపు ఎనిమిది వేల అక్షరాల డిఎన్ఎ, అంతే. మనది మూడు వందల కోట్ల అక్షరాలు. తనని తాను కాపీ చేసుకునే యంత్రం దానికి సొంతంగా లేదు, కణం దగ్గరున్నది వాడుకోవాల్సిందే. ఆ యంత్రమేమో కణం విభజన చెందేటప్పుడు మాత్రమే నడుస్తుంది. పై అంతస్తుల కణాలు అప్పటికే రిటైరై ఉంటాయి. అంటే వైరస్ బతకాలంటే రిటైరైన కణాన్ని మళ్లీ డ్యూటీ ఎక్కించాలి.

ఆ పని చేసేవి రెండు ప్రోటీన్లు, ఇ6, ఇ7. విభజనకి బ్రేకులా పనిచేసే ఆర్‌బి అనే ప్రోటీన్‌ని ఇ7 పట్టుకుని పక్కకి లాగేస్తుంది. బ్రేకు పోగానే కణం విభజనకి సిద్ధమవుతుంది. ఇలాంటి అనుమానాస్పద వ్యవహారం కనిపిస్తే కణాన్ని ఆపడానికో, అవసరమైతే చంపేయడానికో పి53 అనే కాపలాదారు ఉంటాడు. ఇ6 ఆ కాపలాదారుకి చెత్తబుట్ట ముద్ర వేయిస్తుంది. కణంలోని చెత్త యంత్రమే వచ్చి అతన్ని ముక్కలు చేసేస్తుంది. ఈ రెండు సంగతులూ 1980ల చివర్లో, 1990 నాటికి తేలాయి. అప్పటికే క్యాన్సర్ పరిశోధనలో ఆర్‌బి, పి53 పెద్ద పేర్లు. ఏ వైరస్ సంబంధమూ లేని ఎన్నో క్యాన్సర్లలో చెడిపోయి కనిపించేవీ ఇవే. ఎనిమిది వేల అక్షరాల వైరస్ సరిగ్గా ఆ రెండింటి మీదే చేయి వేసింది.

అయినా ఇదంతా మామూలుగా అదుపులోనే ఉంటుంది. అంటుకున్న పదిమందిలో తొమ్మిది మందికి ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది, చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. కాపురం చేసే స్త్రీపురుషుల్లో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది అంటుకునే ఉంటుంది. కాబట్టి ఈ జబ్బుని ఎవరి నడవడిక మీద మచ్చగా చూడటానికి ఆధారమే లేదు. జలుబు చేసిందని ఎవరి శీలాన్నీ శంకించం కదా.

చిక్కు వదిలిపోని కొద్దిమందితో. ఇ6, ఇ7 ఎంత తయారు కావాలో అదుపు చేసే ఇ2 అనే ఇంకో ప్రోటీన్ కూడా వైరస్‌దే. వైరస్ డిఎన్ఎ గుండ్రంగా గాజులా ఉంటుంది. ఏళ్ల తరబడి కణంలో ఉండగా ఒక్కోసారి ఆ గాజు తెగి, మన క్రోమోజోములో ఇరుక్కుపోతుంది. తెగడం ఇ2 దగ్గరైతే అదుపు పోయినట్టే. ఇక ఇ6, ఇ7 ఆగకుండా తయారవుతాయి, కాపలా లేని కణంలో తప్పు మీద తప్పు పేరుకుంటుంది. రేట్ లిమిట్ పెట్టిన ఒక్క లైనూ పొరపాటున డిలీట్ అయితే సర్వర్‌కి ఏమవుతుందో మావాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇందులో వైరస్‌కి వచ్చేదేమీ లేదు. క్రోమోజోములో ఇరుక్కున్న వైరస్ కొత్త వైరస్‌లని పుట్టించలేదు. ఆ మనిషి కథే కాదు, ఆ వైరస్ కథ కూడా అక్కడితో ముగుస్తుంది.

హెన్రియెటా కణాల్లో అది ఇరుక్కున్నది ఎనిమిదో క్రోమోజోములో, విభజనని ఉరకలెత్తించే మిక్ అనే జన్యువుకి దగ్గర్లో. ఆ వివరం 2013లో హీలా జీనోమ్ చదివినప్పుడు స్పష్టమైంది. అదే ఏడాది వసంతంలో ఇంకో బృందం ఆమె కుటుంబాన్ని అడక్కుండా హీలా జీనోమ్‌ని నెట్‌లో పెట్టేసి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆ కుటుంబంతో ఒప్పందం చేసుకుంది. ఆ డేటా ఎవరికి ఇవ్వాలో చూసే కమిటీలో కుటుంబ సభ్యులకి చోటు దొరికింది. ఈ 2013 ఆగస్టు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ పది ఇరవై ఏళ్ల వ్యవధే ఈ జబ్బులో మనకున్న అదృష్టం. జార్జ్ పాపనికొలావ్ కనిపెట్టిన పాప్ స్మియర్ ఆ వ్యవధిలో కణాలు దారి తప్పుతున్న దశని పట్టుకుంటుంది. వైరస్ గురించి తెలియక ముందే అది పాశ్చాత్య దేశాల్లో ఈ చావుల్ని బాగా తగ్గించింది. ఆయన పరీక్షల కోసం భార్య ఆండ్రోమకీ ఏళ్ల తరబడి తన నమూనాలే ఇచ్చింది. ఈ చరిత్రలో తెలిసి, ఒప్పుకుని ఒళ్లు ఇచ్చిన స్త్రీల్లో పేరు తెలిసినావిడ నాకు ఈమె ఒక్కతే కనిపించింది.

ఇక టీకా. 1991లో ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ వైరస్ పైపెంకు ప్రోటీన్ ఒక్కదాన్నే తయారుచేసి, అది ఖాళీ గుల్లలా అల్లుకునేలా చేశారు. లోపల డిఎన్ఎ ఉండదు కాబట్టి జబ్బు చేయదు, రోగనిరోధక వ్యవస్థకి మాత్రం అచ్చం వైరస్‌లాగే కనిపిస్తుంది. జౌ 1999లోనే చనిపోయాడు. 2006లో గార్డాసిల్ టీకా మార్కెట్‌లోకి వచ్చింది.

మూడేళ్లు తిరిగేసరికి అది ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు పధ్నాలుగు వేల మందికి మూడు డోసులు ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గుజరాత్‌లో వడోదర దగ్గర ఇలాంటిదే ఇంకోటి. ఖమ్మం పిల్లల్లో చాలామంది ఆదివాసులు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

రెండు చోట్లా కలిపి టీకా వేసుకున్న ఏడుగురు అమ్మాయిలు తర్వాతి నెలల్లో చనిపోయారు. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్లి వచ్చాయి, పత్రికల్లో వచ్చింది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది. విచారణ సంఘం ఈ చావులకి టీకాతో సంబంధం కనపడలేదంది. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుల మందు, మలేరియా, ఆ కారణాల్లో ఉన్నవి ఇవి. ఏజెన్సీ గురించి తెలిసినవాళ్లకి ఈ జాబితా ఇంకో రకంగా గుచ్చుకుంటుంది. అదే విచారణలో సంతకాల సంగతీ బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు.

పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద తీవ్రమైన మాటలతో నివేదిక ఇచ్చింది 2013 ఆగస్టు 30న. బాల్టిమోర్ కుటుంబం ఒప్పందం చేసుకున్న నెలలోనే.

ఈ ఉదంతం గురించి మాట్లాడే ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఒకరు టీకా పిల్లల్ని చంపిందంటారు. దానికి ఆధారం లేదు. 2006 నుంచి ప్రపంచమంతటా కోట్ల మంది వేసుకున్న టీకా ఇది. రెండోవాళ్లు, వీళ్లు ఎక్కువగా నాలాంటి చదువుకున్న పట్నంవాళ్లు, టీకా మంచిదే కదా, సంతకం ఎవరు పెడితే ఏంటి, పిచ్చి భయాలతో మంచి ప్రాజెక్టుని ఆపేశారంటారు. మన పిల్ల స్కూల్ పిక్నిక్‌కి వెళ్లాలంటే మన సంతకం కావాలి. సూదికి వార్డెన్ సంతకం సరిపోవడం ఆ పిల్లలకే ఎందుకు జరిగిందో వాళ్లని అడగాలనిపిస్తుంది. పైగా ఆ భయం పిచ్చిదైతే దాన్ని పుట్టించింది ఎవరు? ఇంట్లో ఎవరూ అడక్కుండా పిల్లకి సూది వేసి, నాలుగు నెలలకి ఆ పిల్ల జ్వరంతో పోతే, ఆ తల్లి ఇంకేమనుకుంటుంది? అడగకపోవడానికి కట్టిన మూల్యం చిన్నది కాదు. ఆ తర్వాత పదేళ్లకి పైగా జాతీయ స్థాయిలో ఈ టీకా అడుగు ముందుకి పడలేదు. సిక్కిం, పంజాబ్, ఢిల్లీ లాంటి కొన్ని చోట్ల మాత్రం ఇచ్చారు. 2024 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో దాని ప్రస్తావన వచ్చింది. ఈలోపు మన దేశంలో ఏడాదికి డెబ్భై అయిదు వేలకి పైగా స్త్రీలు ఈ జబ్బుతో పోతూనే ఉన్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది మనకి అలవాటైన కథే. కానీ ఇంకో మలుపుంది.

2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసినవాటిలో ఖమ్మంతో ఏ సంబంధమూ లేని ఇంకో అధ్యయనం కూడా ఉంది. మూడు డోసులు అవసరమా, రెండు చాలా అని తేల్చడానికి దేశంలో తొమ్మిది చోట్ల అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థతో కలిసి 2009 సెప్టెంబరులో మొదలుపెట్టింది. ఆపే సమయానికి 17 వేలకి పైగా అమ్మాయిలు చేరారు. మధ్యలో ఆగిపోయేసరికి దాదాపు ఐదు వేల మందికి ఒక్క డోసే పడింది. ఏ నీతి సంఘమూ అప్పట్లో "ఐదు వేల మందికి ఒకే డోసు ఇచ్చి చూద్దాం" అంటే ఒప్పుకునేది కాదు. ఇక్కడ ఎవరూ ప్లాన్ చేయకుండానే అది జరిగిపోయింది. పరిశోధకులు చేతులు దులుపుకోకుండా ఆ అమ్మాయిల్ని పదేళ్లు గమనిస్తూ వచ్చారు. వాళ్లు పెద్దయ్యారు, పెళ్లిళ్లయ్యాయి. 2021లో ఫలితాలు వచ్చాయి. 16, 18 రకాలు ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు ఇచ్చిన రక్షణ నూటికి 95. రెండు, మూడు డోసులు వేసుకున్నవాళ్లకీ ఇంచుమించు అంతే.

కోస్టారికా, కెన్యాల్లో జరిగిన అధ్యయనాలూ ఇటే చూపించాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని ఒప్పుకుంది. మూడు డోసులకి డబ్బు లేదని వెనకాడిన ఎన్నో పేద దేశాలు ఆ తర్వాత ఒక్క డోసుతో ముందుకెళ్లాయి. భద్రాచలంలో సంతకాల మీద గొడవ కాకపోతే మన దేశం నుంచి ఆ సాక్ష్యం ఉండేది కాదు. దీన్ని చూసి అడక్కపోవడమే మంచిదైందని ఎవరైనా అంటారేమో. అడిగి ఉంటే ఆ టీకా పదేళ్ల ముందే ఎన్ని లక్షల మందికి అందేదో కూడా లెక్కేసుకుని అంటే బాగుంటుంది.

ఆ పదేళ్ల అధ్యయనం లెక్కల్లో ఖమ్మం పిల్లలు లేరు. వాళ్లది వేరే ప్రాజెక్టు. ఆ మూడు మండలాల్లో 2009లో పద్నాలుగేళ్లున్న అమ్మాయికి 2025కి ముప్ఫై వచ్చాయి. ప్రభుత్వ లెక్కలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష మొదలుపెట్టాల్సిన వయసు అదే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు.